‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే ఏం చేయాలి? పిల్లలతో కలిసి చదవాల్సిన ఒక పాఠం



పోయిన నెల ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్ చేశారు. “మేడం, మా బిడ్డ బడిలో నేర్చుకున్న ప్రోగ్రాం ఇంట్ల కూసొని రాసింది. కంప్యూటర్ నడువనిస్తలేదు. ఏదో డినైడ్ అంటున్నది. వైరస్ వచ్చిందా? ఫార్మాట్ కొట్టియ్యాల్నా?” అని అడిగారు. వెనక నుంచి పాప ఏడుపు గొంతు వినిపిస్తూనే ఉంది.

ఆ అమ్మాయి రాసింది పాల లెక్క. వాళ్లింట్లో రెండు బర్రెలున్నాయి. పొద్దున, సాయంత్రం పాల కేంద్రంలో పోసిన లీటర్లు, వెన్న శాతాన్ని బట్టి కట్టిన రేటు ఒక ఫైల్‌లో రాసి పెడితే, పదిహేను రోజులకు ఎన్ని రూపాయలు రావాలో కూడి చెప్పే చిన్న స్క్రిప్ట్ అది. స్క్రిప్ట్ అంటే కంప్యూటర్ ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనులను రాసిపెట్టిన చీటీ. చీటీలో తప్పేమీ లేదు. కంప్యూటర్‌కూ ఏమీ కాలేదు. ఆ ఫైల్‌కు ‘నడిపే హక్కు’ అనే ఒక్క గుర్తు తక్కువైంది, అంతే. ఫోన్‌లోనే ఒక వరుస చెప్పాను. పాప టైప్ చేసింది. లెక్క వచ్చింది.

ఆ తర్వాత ఇలాంటి ఫోన్లే ఇంకా కొన్ని వచ్చాయి. మన ల్యాబ్‌లో పిల్లలు లినక్స్ మీద నేర్చుకుంటున్నారు కాబట్టి ఈ సందేశం ప్రతి ఇంట్లో ఏదో ఒక రోజు కనిపిస్తుంది. ఇంగ్లిష్ సందేశం చూసి మీరు కంగారు పడకుండా, పిల్లలు కూడా దొరికిన కమాండ్ కొట్టి ఫైళ్లు పాడు చేసుకోకుండా ఉండాలని ఈ పాఠం రాస్తున్నాను. ఇందులో కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే రాశాను. టైప్ చేయాల్సిన ఇంగ్లిష్ స్పెల్లింగ్ పిల్లల ల్యాబ్ నోట్‌బుక్‌లో ఉంది. ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చదవండి.

ముందుగా, బోరు మోటారు స్టార్టర్

మనకు బాగా తెలిసిన వస్తువుతో మొదలు పెడదాం. చేనులో బోరు మోటారుకు స్టార్టర్ డబ్బా ఉంటుంది. దానితో మూడు రకాల పనులు ఉంటాయి. మొదటిది చూడటం: కరెంటు ఉందా, ఎన్ని వోల్టులు వస్తున్నాయి. రెండోది మార్చటం: డబ్బా విప్పి వైర్లు అటూ ఇటూ చేయడం. మూడోది నడపటం: పచ్చ బటన్ నొక్కడం.

ఈ పనులు చేయడానికి అందరికీ ఒకే హక్కు ఉండదు. బోరు యజమాని మూడూ చేస్తాడు. ఇంటివాళ్లు, చేనులో పని చేసేవాళ్లు చూస్తారు, బటన్ నొక్కుతారు కానీ వైర్ల జోలికి పోరు. దారిన పోయేవాళ్లు చూడగలరు, అంతకు మించి చేయి పెట్టరు.

లినక్స్‌లో ప్రతి ఫైల్‌కూ ఇదే ఏర్పాటు ఉంటుంది. మనుషులు మూడు రకాలు: ఓనర్, అంటే ఫైల్ యజమాని, గ్రూప్, అంటే యజమాని జట్టు, అదర్స్, అంటే మిగతా అందరూ. హక్కులు కూడా మూడే: రీడ్, అంటే చదవడం, రైట్, అంటే మార్చడం, ఎగ్జిక్యూట్, అంటే నడపడం. మూడు రకాల మనుషులకు మూడేసి హక్కులు. మొత్తం తొమ్మిది గుర్తులు. ఇంత పాఠానికీ మూలం ఈ తొమ్మిది గుర్తులే.

ఈ పద్ధతి చాలా పాతది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో యూనిక్స్ పని మొదలు పెట్టారు. 1971 నవంబరు 3 తేదీతో వచ్చిన దాని మొదటి మాన్యువల్‌లోనే హక్కులను మార్చే కమాండ్ ఉంది. అప్పట్లో కంప్యూటర్ అంటే ఇంటికొకటి కాదు. ఒకే యంత్రం మీద చాలామంది పని చేసేవారు. ఒకరి పనిని ఇంకొకరు పొరపాటున చెరపకుండా చూడాల్సి వచ్చింది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలు పెట్టిన లినక్స్ కూడా యూనిక్స్ దారిలోనే నడిచింది కాబట్టి ఈ ఏర్పాటు అందులోకీ వచ్చింది. మన ల్యాబ్‌లో కూడా ఒక్కో కంప్యూటర్‌ను రోజుకు చాలామంది పిల్లలు వాడుతారు. అందుకే ఆనాటి అవసరం మనకు ఇప్పటికీ ఉంది.

పది గుర్తుల వరుసను చదవడం

ఫైల్ ఉన్న చోట ‘ఎల్‌ఎస్’ అని కొట్టి, ఖాళీ వదిలి, ‘హైఫన్ ఎల్’ అని కొడితే ప్రతి ఫైల్‌కూ ఒక వరుస కనిపిస్తుంది. వరుస మొదట్లో పది గుర్తులు ఉంటాయి. మొదటిది ఇది ఫైలా, ఫోల్డరా అని చెబుతుంది. మామూలు ఫైల్ అయితే హైఫన్, ఫోల్డర్ అయితే ‘డి’. మిగిలిన తొమ్మిదీ మూడేసి చొప్పున మూడు ముక్కలు. మొదటి ముక్క యజమానిది, రెండోది జట్టుది, మూడోది మిగతావారిది. ‘ఆర్’ అంటే చదవొచ్చు, ‘డబ్ల్యూ’ అంటే మార్చొచ్చు, ‘ఎక్స్’ అంటే నడపొచ్చు. హైఫన్ ఉంటే ఆ హక్కు లేదని అర్థం.

ఆ పాప ఫైల్‌లో ముక్కలు ఇలా ఉన్నాయి. యజమానికి: ఆర్, డబ్ల్యూ, హైఫన్. జట్టుకు: ఆర్, హైఫన్, హైఫన్. మిగతావారికి: ఆర్, హైఫన్, హైఫన్. అంటే ఫైల్ రాసిన పాప దాన్ని చదవగలదు, మార్చగలదు. నడపలేదు. బోరు తనదే, పచ్చ బటన్ మాత్రం ఇంకా బిగించలేదు అన్నమాట.

ఈ గుర్తులనే అంకెల్లో కూడా రాస్తారు. చదవడానికి 4, మార్చడానికి 2, నడపడానికి 1. ఉన్న హక్కులను కూడితే ఒక అంకె వస్తుంది. మూడు రకాల మనుషులకు మూడు అంకెలు. మన బోరు లెక్క చూడండి: యజమానికి 4, 2, 1 కలిపి 7. ఇంటివాళ్లకు 4, 1 కలిపి 5. దారిన పోయేవాళ్లకు 4. మొత్తం 754. పాప ఫైల్ 644. ఆరో తరగతి పిల్లలు కూడా ఈ కూడికను నోటితో చెప్పేస్తారు, ఒకసారి అడిగి చూడండి.

కొత్త స్క్రిప్ట్ ఎందుకు నడవదు?

ఇక్కడ చాలామంది పిల్లలు “నేనేం తప్పు చేశాను టీచర్?” అని అడుగుతారు. ఏ తప్పూ చేయలేదు. ఎడిటర్‌లో కొత్తగా రాసి దాచిన ఫైల్‌కు లినక్స్ నడిపే హక్కును తనంతట తాను ఇవ్వదు. అది ఉత్తరమో, మార్కుల పట్టికో, ప్రోగ్రామో దానికి తెలియదు. నడపాల్సిన ఫైల్ ఏదో యజమానే చెప్పాలి. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ కూడా మామూలుగా ఈ హక్కు లేకుండానే వస్తుంది. ఎక్కడి నుంచో వచ్చినది క్లిక్ చేయగానే నడిచిపోకుండా ఉండడం మంచిదే కదా.

చెప్పే పద్ధతి ఇది. ‘సీహెచ్‌మోడ్’ అనే కమాండ్, తర్వాత ‘యూ ప్లస్ ఎక్స్’, తర్వాత ఫైల్ పేరు. ‘యూ’ అంటే యూజర్, ఇక్కడ యజమాని. ప్లస్ అంటే కలుపు. ఎక్స్ అంటే నడిపే హక్కు. ‘యజమానికి నడిపే హక్కు కలుపు’ అని ఒక వాక్యంలా చదివితే పిల్లలకు గుర్తుంటుంది. దాంతో 644 కాస్తా 744 అవుతుంది. మిగతా ఎవరి హక్కూ మారదు.

ఇంకో దారి కూడా ఉంది. ‘బాష్’ అని కొట్టి పక్కన ఫైల్ పేరు ఇస్తే, నడిపే హక్కు లేకపోయినా స్క్రిప్ట్ నడుస్తుంది. కారణం, అక్కడ నడిచేది బాష్ అనే ప్రోగ్రాం. అది మన చీటీని చదివి పని చేస్తుంది కాబట్టి చదివే హక్కు ఉంటే చాలు. పైథాన్ ఫైళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఒకసారి నడిపి చూడటానికి ఈ దారి చాలు. పాల లెక్కలా రోజూ నడిపేదైతే హక్కు ఇచ్చుకోవడమే సులువు.

ఎక్కడ ఆగిందో కనుక్కోవడం

సందేశం రాగానే కీబోర్డు మీద చేయి పెట్టవద్దని, ముందు మూడు ప్రశ్నలు వేసుకోమని తరగతిలో చెబుతాను. నేను ఎవరి పేరుతో లాగిన్ అయ్యాను? ఈ ఫైల్ యజమాని ఎవరు? ఏ హక్కు తక్కువైంది? మొదటి ప్రశ్నకు ‘ఐడీ’ అనే కమాండ్ జవాబు చెబుతుంది. మిగతా రెండింటికీ పైన చెప్పిన ‘ఎల్‌ఎస్ హైఫన్ ఎల్’ వరుస జవాబు చెబుతుంది. ఇళ్ల నుంచి నాకు వచ్చే సమస్యల్లో ఎక్కువ ఈ కింది వాటిలో ఏదో ఒకటి అవుతుంది.

యజమాని పేరు ‘రూట్’ అని ఉండటం. రూట్ అంటే కంప్యూటర్‌లో అన్ని హక్కులూ ఉన్న పెద్ద ఖాతా. కమాండ్ ముందు ‘సుడో’ అని కొడితే ఆ పని రూట్ పేరుతో జరుగుతుంది. పిల్లలు ఒక రోజు సుడోతో ఎడిటర్ తెరిచి కొత్త ఫైల్ రాస్తారు. దాని యజమాని రూట్ అవుతాడు. మర్నాడు మామూలుగా తెరిస్తే సేవ్ కాదు. దీనికి మళ్లీ సుడో కొట్టడం మందు కాదు. ‘సీహెచ్‌ఓన్’ అనే కమాండ్‌తో ఒకసారి ఫైల్‌ను పిల్లల పేరు మీదికి మార్చాలి. పట్టా మార్పిడి లాంటిదే. సుడో పాస్‌వర్డ్ పెద్దల దగ్గరే ఉంచుకోండి. పిల్లలు అడిగినప్పుడు “దేనికి?” అని ఒక్క మాట అడిగి, జవాబు విని, మీరే టైప్ చేయండి.

ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉండటం. బడి నుంచి ఇంటికి ఫైళ్లు ఎక్కువగా పెన్‌డ్రైవ్‌లోనే వస్తాయి. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. యూనిక్స్ హక్కులను రాసుకునే చోటే వాటిలో ఉండదు. అందుకే సీహెచ్‌మోడ్ ఎన్నిసార్లు కొట్టినా గుర్తు మారదు. ఫైల్‌ను కంప్యూటర్‌లోని హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కడ హక్కు ఇస్తే నడుస్తుంది.

దారిలో ఫోల్డర్ మూసి ఉండటం. స్టార్టర్ బటన్ నొక్కే హక్కు ఉన్నా, అది ఉన్న షెడ్డుకు తాళం ఉంటే లాభం లేదు. ఫోల్డర్‌కు ‘ఎక్స్’ అంటే లోపలికి పోయే హక్కు. ఫైల్ దాకా ఉన్న ప్రతి ఫోల్డర్‌కూ అది ఉండాలి. ‘నేమ్‌ఐ’ అని కొట్టి ‘హైఫన్ ఎల్’, ఆ తర్వాత ఫైల్ పూర్తి దారి ఇస్తే, దారిలోని ఒక్కో ఫోల్డర్ హక్కులూ వరుసగా కనిపిస్తాయి. ఎక్కడ మూసి ఉందో చూస్తేనే తెలిసిపోతుంది.

ఇంకొక సంగతి కూడా పిల్లలను ఆశ్చర్యపరుస్తుంది. ఒక ఫైల్‌ను చెరిపేయడానికి ఆ ఫైల్‌ను మార్చే హక్కు అక్కర్లేదు. అది ఉన్న ఫోల్డర్‌ను మార్చే హక్కు, అందులోకి పోయే హక్కు ఉంటే చాలు. డబ్బాకు తాళం ఉన్నా, షెడ్డు చేతిలో ఉన్నవాడు డబ్బాతో సహా ఊడదీసుకుని పోగలడు కదా. అందుకే ఫోల్డర్ హక్కులను ఫైల్ హక్కుల కంటే జాగ్రత్తగా ఇవ్వాలి.

అసలు ఇది హక్కుల సమస్యే కాకపోవడం. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని వస్తే, లినక్స్‌కు ఆ పేరు ఎక్కడ వెతకాలో తెలియలేదని అర్థం. మనం ఉన్న ఫోల్డర్‌లోని స్క్రిప్ట్‌ను నడపాలంటే పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టాలి. విండోస్‌లో రాసి తెచ్చిన స్క్రిప్ట్ అయితే ప్రతి వరుస చివరా కంటికి కనిపించని ఒక గుర్తు అదనంగా ఉంటుంది. అప్పుడు ఇంటర్‌ప్రెటర్ దొరకలేదు అనే అర్థంలో సందేశం వస్తుంది. ‘డాస్ టు యూనిక్స్’ అనే చిన్న ప్రోగ్రాం ఆ గుర్తులను తీసేస్తుంది. సందేశాన్ని చివరి మాట దాకా చదవమని పిల్లలకు పదేపదే చెప్పేది ఇందుకే.

777: నేను చేసిన తప్పు

ఇంటర్నెట్‌లో ఈ సందేశానికి మందు వెతికితే చాలాసార్లు ఒకే సలహా దొరుకుతుంది: సీహెచ్‌మోడ్ 777. అందరికీ అన్ని హక్కులూ. కొట్టగానే పని అవుతుంది. అందుకే అది పిల్లలకు నచ్చుతుంది. ఒకప్పుడు నాకూ నచ్చింది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి, ఇంకో బడిలో. తెల్లారితే సైన్స్ ఎగ్జిబిషన్. పిల్లల స్క్రిప్టులన్నీ ల్యాబ్ సర్వర్‌లో ఒకే ఫోల్డర్ కింద, ఎవరి ఫోల్డర్‌లో వారివి ఉన్నాయి. కొన్ని నడవడం లేదు. ఒక్కొక్కటి చూసే ఓపిక లేక, పైనున్న ఫోల్డర్ నుంచి లోపలి ఫైళ్లన్నింటికీ ఒకే దెబ్బతో 777 ఇచ్చేశాను. అన్నీ నడిచాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ సంతోషంగా ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున తొమ్మిదో తరగతి అమ్మాయి ఫైల్ తెరిస్తే అందులో వేరే అబ్బాయి ప్రోగ్రాం ఉంది. ఇద్దరూ ఫైల్‌కు ఒకే పేరు పెట్టుకున్నారు. ఆ అబ్బాయి సాయంత్రం తన ఫోల్డర్ అనుకుని ఆమె ఫోల్డర్‌లోకి పోయి సేవ్ కొట్టాడు. కావాలని చేయలేదు. ముందు రోజైతే కంప్యూటర్ ఆ అబ్బాయిని ‘పర్మిషన్ డినైడ్’ అని ఆపేది. ఆ ఆపే మాటను నేనే తీసేశాను. ఆమె రెండు వారాల పనికి ఇంకో కాపీ లేదు.

ఎగ్జిబిషన్‌కు వచ్చిన ఆమె తండ్రికి జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. “తాళం ఎవరు తీసిండ్రు మేడం?” అని మాత్రం అడిగారు. నేనే తీశానని చెప్పాను. ఆ అమ్మాయికి, ఆ అబ్బాయికి కూడా తరగతిలో అందరి ముందు నా తప్పేమిటో వివరించాను. లేకపోతే అందరూ ఆ అబ్బాయినే దొంగలా చూసేవారు.

అప్పుడు నేను చేయాల్సింది, నడవని స్క్రిప్ట్ ఒక్కోదానికి ‘యూ ప్లస్ ఎక్స్’ ఇవ్వడం. పది నిమిషాల పని. సుడో పెట్టి మొత్తం కంప్యూటర్‌కే 777 ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. అలా చేస్తే తర్వాత సుడో కూడా పని చేయదు. ఎందుకంటే సుడో ప్రోగ్రాం మీద ఉండాల్సిన ఒక ప్రత్యేక గుర్తు దాంతో చెరిగిపోతుంది. చాలాసార్లు సిస్టమ్‌ను మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తుంది.

హక్కులు ఎక్కువై పని ఆగిపోయే సందర్భం కూడా ఒకటి ఉంది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి ఎస్‌ఎస్‌హెచ్ వాడుతారు. దానికి తాళంచెవిలా ఒక రహస్య ఫైల్ ఉంటుంది. యజమాని కాక ఇంకెవరైనా దాన్ని చదవగలిగేలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఆ తాళంచెవిని తీసుకోదు. 600 చేస్తే ఒప్పుకుంటుంది. పై తరగతుల పిల్లలు ఇంజినీరింగ్‌కు పోయాక ఇది తప్పక ఎదురవుతుంది.

గుర్తు పెట్టుకోవడానికి నాలుగు అంకెలు చాలు. నాకు మాత్రమే చెందిన ఫైల్ 600. అందరూ చదవొచ్చు, నేనే మార్చాలి అంటే 644. అందరూ నడపొచ్చు, నేనే మార్చాలి అంటే 755. నేను తప్ప ఎవరూ రాకూడని ఫోల్డర్ 700. నలుగురు కలిసి చేసే ప్రాజెక్టుకు గ్రూప్ ఏర్పాటు ల్యాబ్‌లో మేం చేసి ఇస్తాం. 777 అవసరం పిల్లలకు ఎక్కడా రాదు.

మీ ఫోన్‌లోనూ ఇదే

లినక్స్ మనకు సంబంధం లేనిది అనుకోకండి. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్‌కు పునాది లినక్స్ కెర్నల్. అందులో ప్రతి యాప్‌ను ఒక వేరే యూజర్‌గా లెక్కిస్తారు. అందుకే ఒక ఆట యాప్ మీ బ్యాంకు యాప్ దాచుకున్న ఫైళ్లను చదవలేదు. కాంటాక్టులు, కెమెరా, మైకు వాడుకోవాలంటే మాత్రం యాప్ మిమ్మల్ని అడుగుతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఇలా వాడే సమయంలో అడగడం మొదలైంది. ఆ ‘అలో’ బటన్ నొక్కేది మనమే. టార్చిలైటు యాప్‌కు కాంటాక్టులు ఎందుకు? చూడకుండా నొక్కుకుంటూ పోతే ఫోన్‌కు మనమే 777 ఇస్తున్నట్టు.

ఈ నెల ఇంట్లో ఇరవై నిమిషాలు

ఒక ఆదివారం పిల్లలతో కూర్చోండి. ఇంట్లో లినక్స్ ఉంటే, ఒక చిన్న స్క్రిప్ట్ రాసి, నడవకపోవడం చూసి, హక్కు ఇచ్చి, నడిపించమనండి. కమాండ్‌కు ముందు, తర్వాత కనిపించిన పది గుర్తుల వరుసను నోట్‌బుక్‌లో రాయమనండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. “యజమాని ఎవరు? ఏం తక్కువైంది? ఎంత ఇచ్చావు?” అని తెలుగులోనే అడగండి. వాళ్లు మీకు వివరించగలిగితే పాఠం వచ్చినట్టే.

ఇంట్లో కంప్యూటర్ లేకపోతే ఫోన్ చాలు. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, మీరు ఎక్కువగా వాడే అయిదు యాప్‌లకు ఏ ఏ పర్మిషన్లు ఉన్నాయో పిల్లలతో చదివించుకోండి. అక్కర్లేనివి ఇద్దరూ కలిసి తీసేయండి. ఆ జాబితాను పిల్లలు ల్యాబ్ పీరియడ్‌కు తెస్తే తరగతిలో మాట్లాడుకుంటాం.

ఆ పాల లెక్క పాప ఇప్పుడు తన స్క్రిప్ట్‌ను 744లో పెట్టుకుంది. తమ్ముడు వేరే లాగిన్‌తో వచ్చి లెక్క చూడగలడు, మార్చలేడు. “వాడు అంకెలు మార్చి ఎక్కువ పాలు పోసినట్టు రాస్తే మా నాన్న కేంద్రంలో అడిగి మాట పడాలె కదా టీచర్” అని చెప్పింది. కానీ లీటర్లు, రేట్లు రాసిన ఫైల్ వేరే ఉంది. దానికి ఏ హక్కులు ఇచ్చిందో వచ్చే వారం చూసి వస్తానంది.

సందేహాలుంటే పేరెంట్స్ మీటింగ్ రోజు ల్యాబ్‌కు రండి. పిల్లల చేతనే చేయించి చూపిస్తాం.

మీ కంప్యూటర్ టీచర్,
మోత్కూర్ శాఖ